ఇచ్ఛాపురం నుంచి కోణార్క్ దాకా సముద్రం పక్కగా సొంత కారులో: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది బరంపురం. దసరా సెలవులు దగ్గర పడ్డాయంటే శ్రీకాకుళం, విశాఖ, హైదరాబాద్ చుట్టాల ఫోన్లు మొదలవుతాయి. "కారేసుకుని మీ వైపు వద్దామనుకుంటున్నాం, సముద్రం పక్కనుంచి పూరీ దాకా వెళ్లొచ్చా?" అని. ఆ తర్వాత వచ్చే ప్రశ్నలు కూడా ప్రతిసారీ అవే. అందుకే అడిగినవాళ్ల మాటల్లోనే ప్రశ్నలు పెట్టి, నాకు తెలిసిన జవాబులు రాశాను. దేనికదే విడిగా చదువుకోవచ్చు.

## బయల్దేరాలని అనుకుంటున్నప్పుడు

అసలు ఈ దారి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది?

ఇచ్ఛాపురంలో బాహుదా నది దాటాక మొదలవుతుంది. బాహుదా సముద్రంలో కలిసే సోన్‌పూర్, ఆ తర్వాత గోపాల్‌పూర్, ఛత్రపురం, గంజాం ఊరు, రుషికుల్య మొగ (అంటే నది సముద్రంలో కలిసే చోటు), హుమ్మా ఉప్పు మడులు, పాలూరు. అక్కణ్ణుంచి ఒక పక్క చిలికా, ఇంకో పక్క సముద్రం ఉన్న సన్నటి నేల మీదుగా జాన్హికుడా రేవు. రేవులో కారుతో సహా ఫెర్రీ ఎక్కి సాతపడాలో దిగుతాం. అక్కణ్ణుంచి పూరీ, చివరికి కోణార్క్ దగ్గరి చంద్రభాగ తీరం. పక్కదారులతో కలిపి సుమారు 250 కిలోమీటర్లు. హైవే లెక్కన చూస్తే ఒక పూట ప్రయాణమే, కానీ దీన్ని ఒక్క పూటలో చేస్తే చూసేది ఏమీ మిగలదు.

హైవే మీద వెళ్తుంటే సముద్రం కనబడుతూనే ఉంటుందా?

కనబడదు. ఈ ఒక్క మాట ముందే తెలియక చాలామంది నిరుత్సాహపడతారు. మ్యాప్‌లో 16వ నంబరు జాతీయ రహదారి తీరం వెంటే గీసినట్టు ఉంటుంది గానీ, నేల మీద దానికీ సముద్రానికీ మధ్య పొలాలు, జీడితోటలు, సరుగుడు తోటలు, ఇసుక దిబ్బలు కొన్ని కిలోమీటర్ల మేర అడ్డుంటాయి. హైవే వదలకుండా నడిపితే బరంపురం, ఛత్రపురం దాటి రంభా వచ్చేదాకా నీళ్లే కనబడవు. రంభాలో కనబడేది కూడా చిలికా సరస్సు.

మన వైపు నుంచి వస్తుంటే సముద్రం కుడిచేతి వైపు ఉంటుంది. కాబట్టి ఈ ప్రయాణమంతా ఒకటే పద్ధతి: హైవే మీద కొంతదూరం, కుడికి తిరిగి తీరానికి, మళ్లీ వెనక్కి హైవేకి. సోన్‌పూర్‌కి ఒకసారి, గోపాల్‌పూర్‌కి ఒకసారి, ఆర్యపల్లికి ఒకసారి, రుషికుల్య మొగకి ఒకసారి. అన్నింటికీ వెళ్లాలని పంతం పట్టకండి. రోజుకి రెండు మలుపులు చాలు. ప్రతి చోటా గంట, రెండు గంటలు కూర్చోగలిగితేనే అక్కడికి వెళ్లినట్టు.

ఎన్ని రోజులు పెట్టుకోవాలి?

నాలుగు పగళ్లు, మూడు రాత్రులు. మొదటి రాత్రి గోపాల్‌పూర్, రెండో రాత్రి రంభా, మూడో రాత్రి పూరీ, నాలుగో రోజు పొద్దున్నే కోణార్క్ చూసుకుని తిరుగు ప్రయాణం. విశాఖ నుంచి బరంపురానికి సుమారు 260 కిలోమీటర్లు ఉంటుంది కాబట్టి తెల్లవారుజామునే బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి మా ఊళ్లో ఉంటారు.

రెండు రోజులే ఉంటే పూరీ మాట మరిచిపోండి. గోపాల్‌పూర్, రుషికుల్య, రంభా చూసి వెనక్కి వెళ్లండి. పూరీకి రైల్లో ఎప్పుడైనా రావచ్చు.

ఏ నెలలో వస్తే బాగుంటుంది?

నవంబరు నెలాఖరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. చిలికాలో వలస పక్షులు ఉంటాయి, ఎండ బాధించదు. ఒక్కటి గుర్తుంచుకోండి: డిసెంబరులో ఇక్కడ సాయంత్రం ఐదుంబావుకల్లా పొద్దు గుంకుతుంది. హైదరాబాద్ అలవాటుతో "ఆరున్నర దాకా వెలుగుంటుందిలే" అనుకుంటే పల్లె రోడ్ల మీద చీకట్లో చిక్కుకుంటారు.

మార్చి నెల కూడా ఫర్వాలేదు, పైగా తాబేళ్ల కాలం. ఏప్రిల్, మే నెలల్లో ఎండ కన్నా ఉక్కపోత ఎక్కువ, పదిన్నర తర్వాత ఇసుక మీద నిలబడలేరు. వానాకాలంలో సముద్రం గోధుమరంగులో ఉగ్రంగా ఉంటుంది, నీళ్లలో దిగే ఆశ పెట్టుకోకూడదు. కానీ పచ్చదనం, మబ్బులు ఇష్టపడేవాళ్లకి జులై, ఆగస్టు నిజంగా అందమైన నెలలు. రథయాత్ర రోజుల్లో మాత్రం పూరీ వైపు కారుతో రావద్దు.

అక్టోబరులో తుఫాన్లు వస్తాయంటారు, భయపడాలా?

భయం అక్కర్లేదు, లెక్కలో పెట్టుకోవాలి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తీరం దాటింది గోపాల్‌పూర్ దగ్గరే. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు దాటి ఉద్దానం కొబ్బరిని నేలకూల్చింది. 2019 మే 3న ఫణి పూరీ దగ్గర దాటింది. అంటే మే నెల, అక్టోబరు నెల రెండూ తుఫాన్ల కాలమే.

వాతావరణ శాఖ ఈ రోజుల్లో చాలా ముందుగా హెచ్చరిస్తోంది. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినగానే బుకింగులు వాయిదా వేసుకోండి. "చూద్దాంలే, దారి మళ్లుతుందేమో" అని బయల్దేరకండి. తుఫాను దారి మళ్లినా వాన, గాలి ఉంటాయి, ఫెర్రీ ఆగిపోతుంది, చెట్లు రోడ్డుకి అడ్డంగా పడతాయి.

మాది చిన్న కారు. వెళ్తుందా? బైక్ మీద రావచ్చా?

హాయిగా వెళ్తుంది. మాదీ చిన్న కారే. ఎక్కడా ఘాట్ రోడ్లు లేవు, తారు రోడ్లే. పాలూరు నుంచి జాన్హికుడా వైపు రోడ్డు సన్నగా ఉంటుంది, ఎదురుగా బస్సొస్తే ఒక పక్కకి దిగి నిలబడాలి. కోతల కాలంలో రోడ్డు మీదే వడ్లు ఆరబోస్తారు, వాటి మీద బ్రేకు వేస్తే చక్రం జారుతుంది.

బైక్ వాళ్లకి ఇది ఇంకా మంచి దారి, కాకపోతే తీరం దగ్గర మలుపుల్లో గాలి తెచ్చిన ఇసుక పరుచుకుని ఉంటుంది. అక్కడ స్పీడు తగ్గించండి. ఇంటికి చేరాక కారైనా బైకైనా కింద భాగమంతా మంచినీళ్లతో కడిగించండి. ఉప్పుగాలి ఇనుముని వదిలిపెట్టదు.

ఆంధ్రా, తెలంగాణ నంబరు కారుకి ఒడిశాలో ఏమైనా పర్మిట్ కావాలా?

సొంత కారుకి ఏ పర్మిట్టూ అక్కర్లేదు. ఆర్సీ, లైసెన్సు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ తేదీలు దాటకుండా చూసుకోండి. డిజీలాకర్‌లో ఉన్నా ఒక జిరాక్సు సెట్ డ్యాష్‌బోర్డులో ఉంచితే సిగ్నల్ లేని చోట పనికొస్తుంది. అద్దె టాక్సీలో వస్తే మాత్రం ఒడిశా పర్మిట్, పన్ను సంగతి బేరం కుదుర్చుకునేటప్పుడే ఓనరుతో తేల్చుకోండి. ఫాస్టాగ్‌లో డబ్బులుండాలి.

పెట్రోలుకి ఎంతవుతుంది?

ఇచ్ఛాపురం నుంచి కోణార్క్, తిరిగి ఇచ్ఛాపురం, ఊళ్లలో తిరుగుడుతో సహా 500 కిలోమీటర్లు వేసుకోండి. లీటరుకి 15 ఇచ్చే కారైతే 33, 34 లీటర్లు. మీ ఊరి నుంచి ఇచ్ఛాపురం దాకా దూరం దానికి కలుపుకోండి.

గదులు ముందే బుక్ చేసుకోవాలా?

శని, ఆదివారాలు, క్రిస్మస్ నుంచి సంక్రాంతి మధ్య రోజులు, దసరా: వీటికి తప్పకుండా చేసుకోవాలి. మిగతా రోజుల్లో గోపాల్‌పూర్‌లో వచ్చి చూసుకున్నా దొరుకుతుంది. గోపాల్‌పూర్, రంభా, బర్కుల్, పూరీల్లో ఒడిశా టూరిజం వాళ్ల పాంథనివాస్‌లు ఉన్నాయి. రంభాలో గదులు తక్కువ కాబట్టి ముందు అదే బుక్ చేయండి, మిగతావి దాని చుట్టూ సర్దుకోండి.

## ఇచ్ఛాపురం నుంచి గోపాల్‌పూర్

మాకు ఒడియా రాదు. ఇబ్బంది పడతామా?

గంజాం జిల్లాలో పడరు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. బరంపురం బజారులో సగం దుకాణాల్లో తెలుగు నడుస్తుంది. తీరం వెంట బెస్త ఊళ్లలో ఇళ్లల్లో మాట్లాడేదే తెలుగు. సోన్‌పూర్ నుంచి గోపాల్‌పూర్ మీదుగా పూరీ పెంఠకటా దాకా వల వేసేవాళ్లలో ఎక్కువమంది మన భాషవాళ్లే. వాళ్లని ఇక్కడ నోలియాలంటారు. వాళ్ల తెలుగులో ఒడియా మాటలు, మనం మరిచిపోయిన పాత తెలుగు మాటలు కలిసి ఉంటాయి. కాస్త ఓపిగ్గా వినండి.

చిలికా దాటాక ఈ బెస్త పేటల్లో తప్ప ఒడియా, హిందీయే. అక్కడ మగవాళ్లని "భాయినా" అని పిలిస్తే చాలు, ముఖం విచ్చుకుంటుంది. "కేతే?" అంటే ఎంత, "కేఉఁఠి?" అంటే ఎక్కడ. బోర్డులు ఒడియాలో ఉన్నా పెద్ద జంక్షన్లలో ఇంగ్లీషు కూడా ఉంటుంది.

సోన్‌పూర్ తీరానికి వెళ్లడం అవసరమా?

జనం లేని తీరం కావాలంటే వెళ్లండి. దీన్ని పాటీ సోన్‌పూర్ అంటారు. బాహుదా నది సముద్రంలో కలిసే చోటు, వెడల్పాటి ఇసుక, ఒక పక్క ఉప్పుటేరు. హోటళ్లు, దుకాణాలు పెద్దగా లేవు, నీళ్లూ ఫలహారమూ మీరే తెచ్చుకోండి. తెచ్చిన ప్లాస్టిక్ మళ్లీ కారులో వేసుకుని వెళ్లండి, అక్కడ చెత్త ఎత్తేవాళ్లు లేరు.

గోపాల్‌పూర్‌లో ఏముంది చూడటానికి?

పొద్దుపొడుపు. జనవరిలో ఆరుంబావు దాటాక, జూన్‌లో ఐదింటికే సూర్యుడు నీళ్లలోంచి పైకొస్తాడు. దానికి పదిహేను నిమిషాల ముందు ఇసుక మీద ఉండాలి. రాత్రి వేటకి వెళ్లిన పడవలు అప్పుడే ఒడ్డుకొస్తుంటాయి. వల విదిలిస్తుంటే వెండి బిళ్లల్లా చేపలు రాలతాయి, చుట్టూ ఆడవాళ్లు తట్టలతో నిలబడి బేరం తెలుగులోనే మొదలుపెడతారు.

తీరంలో నీళ్లలోకి దిగబడిన పాత రేవు స్తంభాలు కొన్ని ఇంకా నిలబడి ఉన్నాయి. ఒకప్పుడు ఈ రేవు నుంచే ఓడలు బర్మా వెళ్లేవి. గంజాం, శ్రీకాకుళం వైపు కూలీలు ఎందరో కుటుంబాలని వదిలి "రంగం" వెళ్లింది ఇలాంటి రేవుల నుంచే. మీ ఇంట్లో పెద్దవాళ్ల నోట రంగం అనే మాట విని ఉంటే అది రంగూన్. ఆ స్తంభాల దగ్గర ఫోటో దిగే ముందు పిల్లలకి ఈ సంగతి చెప్పండి. లైట్‌హౌస్ కూడా ఉంది, తెరిచే వేళ గదిచ్చినవాళ్లని అడగండి.

గోపాల్‌పూర్‌లో సముద్రస్నానం చేయొచ్చా?

మోకాలి లోతు దాకా, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, అదీ జనం ఉన్న చోట. అంతకన్నా లోపలికి వద్దు. దీని గురించి మొహమాటం లేకుండా చెప్తున్నాను. ఇక్కడ ఒడ్డు ఒక్కసారిగా లోతుకి దిగుతుంది. అల విరిగి వెనక్కి వెళ్లేటప్పుడు కాళ్ల కింద ఇసుకని లాగేస్తుంది, నిలబడ్డ మనిషి కూలబడతాడు, లేచేలోపు ఇంకో అల మీద పడుతుంది. ఈత వచ్చినవాళ్లే ఎక్కువ ధైర్యం చేసి ప్రాణాల మీదికి తెచ్చుకుంటారు. చెరువు ఈత, స్విమ్మింగ్ పూల్ ఈత ఇక్కడ సరిపోవు.

ఇంకో సంగతి. రెండు పక్కలా అలలు విరుగుతూ, మధ్యలో ఒక చోట మాత్రం నీళ్లు ప్రశాంతంగా కనబడితే అక్కడ దిగకండి. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పారే కాలువ అది. పొరపాటున దాంట్లో చిక్కితే ఒడ్డుకి ఎదురీదకండి, అలసిపోతారు. నీళ్ల మీద తేలుతూ, చెయ్యెత్తి పిలుస్తూ, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి జరగండి. కొంతదూరం పోయాక ఆ లాగుడు తగ్గుతుంది. మందు తాగినవాళ్లని నీళ్ల దగ్గరికే రానివ్వకండి.

రోడ్డు పక్కన ఆ ముళ్ల పొదలేంటి? వానాకాలంలో గాలంతా వాసనొస్తుందేం?

మొగలి పొదలు. బరంపురం, ఛత్రపురం, గంజాం మధ్య చేల గట్ల మీద, ఇసుక నేలల్లో ఎక్కడ చూసినా అవే. దేశంలో మొగలి అత్తరు పరిశ్రమకి గంజామే ఆయువుపట్టు, ఇక్కడి మొగలికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. జులై నుంచి సెప్టెంబరు దాకా పూత ఎక్కువ. పొద్దు పొడవకముందే పొడుగు కర్రకి కొడవలి కట్టి కోస్తారు. ఆకు అంచుల్లోనూ నడిమి ఈనె మీదా ముళ్లుంటాయి, అందుకే కోసేవాళ్ల చేతులు ఎప్పుడూ గీరుకుపోయి ఉంటాయి. పనికొచ్చేది మగ పువ్వు. తూకం వేయరు, లెక్కపెట్టి కొంటారు.

దారిలో పొగ లేస్తున్న బట్టీ కనబడితే ఆగి అడగండి, చూడనిస్తారు. రాగి డేగిశాలో పువ్వులూ నీళ్లూ పోసి మూత అంచున మట్టి మెత్తుతారు. ఆవిరి గొట్టం గుండా వచ్చి చల్లటి నీళ్లలో ఉంచిన ఇంకో పాత్రలో చేరుతుంది. బయటికొచ్చాక ఆ వాసన సాయంత్రం దాకా మీ బట్టల్లో ఉంటుంది. నాకు ఈ దారిలో సముద్రం తర్వాత అంత ఇష్టమైనది ఇదే.

## రుషికుల్య మొగ దగ్గర

తాబేళ్లు ఎప్పుడొస్తాయి? కచ్చితంగా కనబడతాయా?

ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుంపులుగా గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చేది ఫిబ్రవరి, మార్చి నెలల్లో. రుషికుల్య సముద్రంలో కలిసే చోట పొడంపేట, గోఖర్‌కుడా, పురుణాబంధ ఊళ్ల ముందున్న ఇసుక వాటి చోటు. 2025 ఫిబ్రవరిలో దాదాపు 7 లక్షల తాబేళ్లు ఇక్కడ గుడ్లు పెట్టాయి. అలాగని ఏటా వస్తాయన్న హామీ లేదు. గాలి, ఇసుక వాలు, మొగ ఎటు తిరిగింది అన్నదాన్ని బట్టి కొన్ని ఏళ్లు గుంపులు రానే రావు. కాబట్టి తాబేళ్ల కోసమే సెలవు పెట్టి రాకండి. దారిలో ఉన్నప్పుడు కనబడితే అదృష్టం.

ఆ రోజుల్లో అటవీ శాఖ వాళ్లు తీరానికి కంచె వేస్తారు. వాళ్లని అడిగి, వాళ్లు చూపించిన చోట నిలబడి చూడాలి. టార్చి, ఫ్లాష్, ఫోను వెలుతురు వద్దు. గుడ్లు పెట్టే తాబేలు ముందుకి వెళ్లకండి, వెనక దూరంగా కూర్చోండి. కాళ్లతో గొయ్యి తవ్వేటప్పుడు దాని ఊపిరి చప్పుడు మనకి వినబడుతుంది.

పిల్లలకి తాబేలు పిల్లల్ని చూపించాలని ఉంది. ఎలా?

గుడ్లు పెట్టిన 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి, అంటే సాధారణంగా ఏప్రిల్, మే. రాత్రిళ్లు, తెల్లవారుజామున వస్తాయి. వెలుతురున్న వైపే సముద్రం అనుకుని నడుస్తాయి కాబట్టి ఊరి దీపాలో కారు లైట్లో కనబడితే వెనక్కి, రోడ్డు మీదికి వచ్చి చచ్చిపోతాయి. ఇక్కడి ఊళ్లలో కుర్రాళ్లు రాత్రంతా మేలుకుని దారి తప్పిన పిల్లల్ని బుట్టల్లో ఏరి నీళ్ల దగ్గర వదులుతారు. వాళ్లలో చాలామంది తెలుగు మాట్లాడతారు, అడిగితే మీ పిల్లలకి అన్నీ చెప్తారు. తాబేలు పిల్లని చేతిలో పెట్టుకుని ఫోటో మాత్రం వద్దు. ఇసుక మీద నడిచేటప్పుడు అడుగు చూసి వేయమని పిల్లలకి కారు దిగే ముందే చెప్పండి.

తడి ఇసుక గట్టిగానే ఉంటుందిగా, కారు దింపొచ్చా?

దింపకండి. గుడ్లున్న కాలంలో అది నేరం, మిగతా కాలంలో ప్రమాదం. కొన్నేళ్ల కిందట మా బావగారి కారు ఇలాగే మొగ దగ్గర ఇసుకలో ముందు చక్రాలు దిగబడింది. అప్పుడు ఆటు, నీళ్లు చాలా దూరంలో ఉన్నాయి. యాక్సిలరేటరు తొక్కేకొద్దీ ఇంకా కిందికి పోయింది. గంటన్నరకి పోటు మొదలై బంపరు దాకా తడి వచ్చేసింది. పిల్లలు ఏడుపు, మా అక్కకి టెన్షన్‌తో నోట మాట రాలేదు. ఒడ్డున వల అల్లుకుంటున్న పదిమంది వచ్చి, టైర్లలో సగం గాలి తీయించి, చక్రాల ముందు సరుగుడు కొమ్మలు పరిచి, వలతాడు కట్టి లాగారు. డబ్బులిస్తే తీసుకోలేదు. "అమ్మని ముందు నీళ్లు తాగించండి బాబూ" అన్నారు. తారు రోడ్డు ఎక్కడ ఆగితే కారు అక్కడే ఆపండి. నడిచేది ఐదు నిమిషాలే.

## చిలికా మీదుగా

రంభా, బర్కుల్, సాతపడా: ఏది చూడాలి?

ప్రశాంతంగా సరస్సు పక్కన ఒక సాయంత్రం గడపాలంటే రంభా. వెనక తూర్పు కనుమల కొండలు, ముందు చిన్న చిన్న దీవులు. కాళీజాయి అమ్మవారి దీవికీ, నలబణ పక్షుల వైపూ పడవలకి బర్కుల్, బాలుగావ్ వీలు. డాల్ఫిన్లకి సాతపడా. చిలికా వానాకాలంలో 1,100 చదరపు కిలోమీటర్లు దాటి విస్తరిస్తుంది, ఒక్క రోజులో అంతా చూద్దామనుకోవద్దు. పక్షులే ముఖ్యమైతే టాంగి దగ్గర మంగళాజోడి వెళ్లండి. ఒకప్పుడు పక్షుల్ని వేటాడిన ఊరివాళ్లే ఇప్పుడు వాటికి కాపలా కాస్తూ, గడతో నెట్టే చిన్న పడవల్లో తీసుకెళ్లి చూపిస్తారు.

కారుని పడవ ఎక్కిస్తారట, నిజమేనా? భయం లేదా?

నిజమే. జాన్హికుడా నుంచి సాతపడాకి వాహనాల ఫెర్రీ ఉంది. మన గోదావరి పంటు లాంటిదే అనుకోండి. రంభా నుంచి హైవే మీద కాస్త వెనక్కి వచ్చి, హుమ్మా దగ్గర హైవే వదిలి, ఉప్పు మడుల మధ్య నుంచి పాలూరు, మాలూద్ మీదుగా జాన్హికుడా చేరాలి. రెండు పక్కలా నీళ్లు, రొయ్యల కోసం పాతిన వెదురు గడలు, ఒక్కో గడ మీద రెక్కలు ఆరబెట్టుకునే నీటికాకి. ఈ ప్రయాణం మొత్తంలో ఈ ముక్క కోసమే నేను మళ్లీ మళ్లీ వస్తాను.

పాలూరు చాలా పాత రేవు. గ్రీకు భూగోళవేత్త టాలెమీ రాసిన "పలూర" ఇదేనని చాలామంది చరిత్రకారులు అంటారు. ఇప్పుడు చూస్తే పల్లెటూరు.

రేవుకి మధ్యాహ్నం పన్నెండు లోపు చేరేలా రంభాలో బయల్దేరండి. ఫెర్రీ పగటిపూటే, ట్రిప్పుల వేళలు మారుతుంటాయి, గాలి ఎక్కువైతే ఆపేస్తారు. అందుకే ఆ రోజు పొద్దున మీరు దిగిన చోట ఒకసారి కనుక్కోండి. ఎక్కించేటప్పుడు డ్రైవరు తప్ప మిగతావాళ్లు దిగిపోవాలి. మొదటి గేరులో మెల్లగా, సైగ చేసే కుర్రాడి చెయ్యి చూస్తూ ఎక్కించండి. ఎక్కాక గేరులో ఉంచి హ్యాండ్‌బ్రేకు లాగి మీరూ దిగండి. దాటడానికి అరగంట లోపే. ఫెర్రీ దొరక్కపోతే వెనక్కి హుమ్మా వచ్చి, బాలుగావ్, ఖుర్దా మీదుగా పూరీకి పోవాలి. దానికి నాలుగు గంటల పైనే పడుతుంది. వెలుతురుండగా ఆ నిర్ణయం తీసుకోవాలన్నదే నా తాపత్రయం.

ఆ దారిలో పెట్రోలు బంకులు, పంచర్ షాపులు ఉంటాయా?

హైవే మీద కావలసినన్ని. పాలూరు వైపు తిరిగాక తక్కువ. ఛత్రపురంలోనో గంజాంలోనో ట్యాంకు నింపండి, స్టెప్నీలో గాలి చూసుకోండి. ఫోన్‌పే అన్నిచోట్లా ఉన్నా రేవు దగ్గర సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. రెండు మూడు వేలు చిల్లర నోట్లుగా జేబులో ఉంచండి. మ్యాప్ ఆఫ్‌లైన్‌లో దించుకోండి.

డాల్ఫిన్లు నిజంగా కనబడతాయా?

చిలికాలో ఇరావతి డాల్ఫిన్లు 150 అటూ ఇటూ ఉంటాయి. టీవీలో చూసినట్టు గాల్లోకి ఎగరవు. గుండ్రటి బూడిదరంగు తల, వీపు ఒక్క క్షణం పైకొచ్చి మునుగుతాయి. పొద్దున్నే, గాలి లేనప్పుడు కనబడే అవకాశం ఎక్కువ. డాల్ఫిన్ కనబడగానే ఇంజన్ ఆపమని పడవవాడికి ఎక్కే ముందే చెప్పండి. వెంటబడి తరిమితే పంకా రెక్కలు వాటికి తగులుతాయి. రేటు, ఎన్ని గంటలు, ఎక్కడెక్కడ ఆపుతారు, లైఫ్ జాకెట్లు ఎన్ని అన్నది ఒడ్డునే మాట్లాడుకోండి. మధ్యలో దీవి మీద ముత్యాలంటూ అమ్మేవి కొనకండి.

తిండి సంగతేంటి? మాకు అన్నం లేకపోతే గడవదు.

అన్నానికి లోటే లేదు. బరంపురంలో పొద్దున్నే ఇడ్లీ, ఉప్మా, పక్కన బఠానీల ఘుగుని దొరుకుతాయి. మా ఊరి పచ్చళ్లు, అప్పడాలు ఇంటికి కట్టించుకోండి. బాలుగావ్ వైపు దాబాల్లో చిలికా పీతలు, రొయ్యలు మంచివి దొరుకుతాయి. ఆర్డరిచ్చే ముందు పీత తూకం, రేటు అడగండి. ఎండాకాలంలో పఖాళ అడిగితే మన చద్దన్నమే తెచ్చిపెడతారు, వడియాలు, వేయించిన చేపతో. శాకాహారులకి దాల్మా ఉంది, పప్పూ కూరగాయలూ కలిపి వండుతారు. కూరల్లో కారం మన కన్నా తక్కువ. నాలుక ఊరుకోని వాళ్లు ఆవకాయ సీసా వెంట తెచ్చుకోవడంలో తప్పేం లేదు.

## పూరీ, కోణార్క్, తిరుగు ప్రయాణం

పూరీ గుడికి కారు వెళ్తుందా?

గుడి దాకా వెళ్లదు. పెద్ద పార్కింగులో పెట్టి, అక్కణ్ణుంచి ఆటోలోనో నడిచో వెళ్లాలి. ఫోన్లు, కెమెరాలు, తోలు వస్తువులు లోపలికి రానివ్వరు, వాటిని గదిలోనే వదిలి వెళ్లడం మేలు. 2024 జనవరి నుంచి నిక్కర్లు, చిరిగిన జీన్సు, చేతుల్లేని బట్టలు కుదరవు. హిందువులు కాని స్నేహితులు వెంట ఉంటే వాళ్లకి లోపలికి ప్రవేశం లేదని ముందే చెప్పండి, వాకిట్లో చెప్తే మనసు నొచ్చుకుంటుంది. దర్శనం అయ్యాక ఆనందబజారులో నేల మీద కూర్చుని మహాప్రసాదం తినండి. కుండల్లో వండిన ఆ పప్పూ అన్నం రుచి వేరు.

వయసైన అమ్మానాన్నలతో ఈ దారి కుదురుతుందా?

కుదురుతుంది. ఇసుకలో నడక, పడవ ఎక్కి దిగడం మోకాళ్లకి కష్టం, కాబట్టి గోపాల్‌పూర్, రంభాల్లో గది నుంచే నీళ్లు కనబడేలా బుక్ చేయండి. గంజాం దాటాక చాలాసేపు సరైన బాత్రూములు దొరకవు, బయల్దేరే ముందే గుర్తుచేయండి. మందులు బరంపురంలో కొనిపెట్టుకోండి. మెడికల్ కాలేజీ ఆస్పత్రి కూడా ఇక్కడే ఉంది.

పూరీ నుంచి కోణార్క్ రోడ్డు మీద సముద్రం కనబడుతుందా?

ఇక్కడ కనబడుతుంది. 35 కిలోమీటర్ల ఈ మెరైన్ డ్రైవ్‌లో ఎక్కువ భాగం బాలుఖండ్ అభయారణ్యం గుండా, సరుగుడు, జీడిచెట్ల మధ్య సాగుతుంది. చివర్లో కుశభద్ర మొగ దగ్గర రామచండి గుడి, ఆ తర్వాత చంద్రభాగ దగ్గర సముద్రం రోడ్డు పక్కకే వచ్చేస్తుంది. చుక్కల జింకలు రోడ్డు దాటుతుంటాయి, నిదానంగా నడపండి. పూరీలో చీకటి ఉండగానే బయల్దేరి చంద్రభాగలో పొద్దుపొడుపు చూసి, అట్నుంచి అటే కోణార్క్ గుడి తెరవగానే లోపలికి వెళ్లండి. 13వ శతాబ్దంలో నరసింహదేవుడు కట్టించిన గుడి. పొద్దుటి ఏటవాలు ఎండలోనే రథచక్రాల మీది శిల్పం లోతు తెలుస్తుంది. పది దాటితే ఎండ నెత్తికెక్కి రాయంతా చదునుగా కనబడుతుంది.

తిరిగొచ్చేటప్పుడు మళ్లీ ఫెర్రీ మీదే రావాలా?

అక్కర్లేదు. కోణార్క్ నుంచి పిపిలి, ఖుర్దా మీదుగా హైవే ఎక్కండి. పిపిలిలో రంగుగుడ్డల పందిళ్లు, గొడుగులు రోడ్డు పక్కనే వేలాడుతుంటాయి, పదిహేను నిమిషాలు ఆగొచ్చు. బాలుగావ్‌లో భోజనం చేస్తే, అక్కణ్ణుంచి రంభా దాకా ఎడమచేతి వైపు చిలికా మీకు తోడొస్తుంది. సాయంత్రం వెలుతురులో నీళ్లు రాగిరంగుకి తిరుగుతాయి. రంభా దాటాక ఇక చీకటి పడ్డా ఫర్వాలేదు, నాలుగు లేన్ల రోడ్డే. అలసటగా ఉంటే ఆ రాత్రి బరంపురంలో పడుకుని పొద్దున్నే ఇచ్ఛాపురం దాటండి, పాతిక కిలోమీటర్లే. నిద్రమత్తులో పలాస దాకా లాగకండి.